మాటపడ్డ రోజు వెలిగే బీడీ

సూరత్‌లో ఉధనా దాటాక, సచిన్ రాకముందు భేస్తాన్ స్టేషన్. చుట్టుపక్కలంతా మరమగ్గాల ఖాతాలు (కార్ఖానాలు), అద్దకం మిల్లులు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీ కుటుంబాలు తరాలుగా సూరత్‌కు వస్తూనే ఉన్నాయి. ఊళ్లో ఆడవాళ్లు తునికాకు చుట్టి బీడీలు కట్టారు, ఇక్కడ మగవాళ్లు పన్నెండు గంటల పాళీ మధ్యలో ఖాతా బయటికొచ్చి అవే తాగారు. సాంచాల (మరమగ్గాల) మోతలో బతికి వెళ్లిపోయిన పెద్దలను తలుచుకునే సభలో బీడీ ఊసెత్తడం అమర్యాద కాదు. వాళ్లలో కొందరి ఊపిరితిత్తులు ఎందుకు పాడయ్యాయో చెప్పుకోవడమూ స్మరణే.

మానాలన్న కోరిక జనంలో లేదనడం అన్యాయం. 2016-17లో పొగాకు వాడకంపై దేశమంతటా జరిగిన గాట్స్ సర్వేలో పొగతాగేవారిలో 55.4 శాతం మానేయాలని అనుకుంటున్నట్టో ఆలోచిస్తున్నట్టో చెప్పారు. అంతకుముందు ఏడాదిలో ప్రయత్నించినవారు 38.5 శాతం. మరి ఆ ప్రయత్నం ఎక్కడ తెగుతోంది? ఒక జవాబు రోజూ తగిలే అవమానాల్లో ఉండవచ్చు.

అమెరికాలో డేవిడ్ విలియమ్స్ బృందం 1997లో వివక్షను కొలిచే కొన్ని చిన్న ప్రశ్నలు తయారుచేసింది. నిన్ను తక్కువ మర్యాదతో చూస్తున్నారా? హోటల్లో నీకు సరిగా వడ్డించడం లేదా? నీకు తెలివి లేదన్నట్టు మాట్లాడుతున్నారా? దెబ్బలు, కేసుల సంగతి కాదు, రోజూ తగిలే చిన్నచూపు సంగతి. 2014లో వెలువడిన ఒక అధ్యయనం టెక్సస్‌లో పొగ మానడానికి పూనుకున్న లాటినోలను (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లను) గమనించింది. వివక్షకు గురవుతున్నామని ఎక్కువగా చెప్పినవారు మానడంలో తక్కువగా నెగ్గారు. ఒకటి రెండోదానికి కారణమని ఇంతటితో రుజువు కాదు. అయినా పట్టించుకోకుండా వదిలేయదగిన సంబంధం కాదిది.

బీడీ మానిన మొదటి వారమే చాలా కష్టం. చిరాకు, నిద్రలేమి, దేనిమీదా మనసు నిలవకపోవడం అప్పుడే ముదురుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే అద్దెకు గది లేదని ముఖం మీద తలుపేస్తే, యాసను వెక్కిరిస్తే, కూలి అడిగితే కసిరితే చెయ్యి ఎటు పోతుంది? నికోటిన్ అవమానాన్ని తగ్గించదు. అది లేక పుట్టిన చిరాకును కాసేపు అణుస్తుంది. ఆ కాసేపటి ఊరటే మనిషిని వెనక్కి లాగుతుంది.

మన దగ్గర ఈ చిన్నచూపుకు రంగు కన్నా కులం, భాష, ప్రాంతం సాకులు. 2018 అక్టోబరులో గుజరాత్‌లో దాడుల భయానికి ఉత్తరప్రదేశ్, బీహార్ కూలీలు వేల సంఖ్యలో రైళ్లెక్కి వెళ్లిపోయారు. తెలుగువాళ్లు గురి కాకపోయినా, ‘బయటివాడు’ అన్న మాట బరువు వాళ్లకూ తెలిసొచ్చే ఉంటుంది.

అందుకే పొగ మాన్పించే సలహాదారు రోజుకెన్ని బీడీలని అడిగి ఊరుకోకూడదు. ఈ వారం ఎవరితో మాటపడ్డావు, అప్పుడేం చేశావు అని కూడా అడగాలి, అదీ ఆ మనిషి భాషలో. పొగాకు పొట్లాల మీద అచ్చయ్యే జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356కు పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. భేస్తాన్‌లో ప్రతి ఖాతా గోడమీదా ఆ నంబరు తెలుగులో రాయించే పని ఇక్కడి సంఘాలు ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.