లైన్ క్లియర్ లేనిదే బండి కదలరాదు: పెద్దప్రేగు కాన్సర్ చికిత్సలో నిపుణుల సమష్టి కృషి

(సమాఖ్య ఆరోగ్య సంక్షేమ ఉపసంఘం పక్షాన, రైల్వే, తపాలా ఉద్యోగుల ప్రతినిధుల సంయుక్త సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలను గురించి, పింఛను గురించి, ఖాళీల భర్తీని గురించి ఉదయం నుండి చర్చిస్తున్న ఈ వేదికపై ఒక వ్యాధిని గురించి మాట్లాడవలసి రావడం కొందరికి వింతగా తోచవచ్చును. మా ఉపసంఘాన్ని ఈ విషయం వైపు మళ్లించినది ఒక ఫైలు. కావున దానితోనే ప్రారంభిస్తాము.

మన సభ్యులొకరు ఆర్.ఎం.ఎస్.లో సార్టింగు పని చేసేవారు. వారు మరణించిన పిదప, వైద్య ఖర్చుల బిల్లుల నిమిత్తం వారి సహధర్మచారిణి ఆ ఫైలును మా కార్యాలయానికి తెచ్చారు. ఎనిమిది మాసాల పాటు ఆయనకు మలంలో రక్తం పడినది. రాత్రి డ్యూటీల వలన, వేళ తప్పిన భోజనం వలన మూలశంక వచ్చినదని ఆయనే భావించారు. చూసిన వైద్యుడు వ్రేలితోనైనా పరీక్షింపక, లేపనం వ్రాసి పంపారు. తుదకు కొలనోస్కోపీ చేయించగా పురీషనాళంలో, అనగా పెద్దప్రేగు చివర మలద్వారానికి పైనున్న భాగంలో, కాన్సర్ గడ్డ ఉన్నట్లు తేలినది. వారం తిరగకుండానే ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగినది. కటిభాగానికి ఎం.ఆర్.ఐ. పరీక్ష జరగలేదు. ఏడాదిన్నర గడవకముందే అదే చోట గడ్డ తిరిగి పుట్టినది.

ఆ ఫైలులో ఐదుగురు వైద్యుల కాగితాలు ఉన్నవి. ప్రతి ఒక్కరూ తమకు తెలిసినది వ్రాశారు. ఆ ఐదు కాగితాలను ఒక బల్లపై పరచి, ఐదుగురూ కలిసి చూసిన దినం ఒక్కటియు లేదు. అట్లు చూసి ఉంటే ఆయన తప్పక బ్రతికి ఉండేవారని మేము అనజాలము. కాని అట్టి అవకాశం ఒకటి ఉన్నదని కూడా ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ విషయం మనలో ప్రతి ఒక్కరికీ తెలియజేయడమే ఈ ప్రసంగ ఉద్దేశ్యం.

వ్యాధి స్వభావం

పెద్దప్రేగు సుమారు ఒకటిన్నర మీటరు పొడవుంటుంది. దాని లోపలి పొరపై పాలిప్ అనబడే చిన్న బుడిపె మొదట పుడుతుంది. అన్ని బుడిపెలూ కాన్సర్‌గా మారవు. మారేవాటికి సాధారణంగా పది సంవత్సరాల వరకు పడుతుంది. అంత కాలం ఈ వ్యాధి మనకు గడువు ఇస్తున్నదన్నమాట. ఆ గడువులో బుడిపెను కనిపెట్టి కొలనోస్కోపీ గొట్టం ద్వారానే తొలగించినచో, అది కాన్సర్‌గా మారదు. 2022 సంవత్సరంలో ప్రపంచమంతటా 19 లక్షలకు మించి ప్రజలు ఈ వ్యాధికి కొత్తగా గురైనారు. పాశ్చాత్య దేశాలతో పోల్చితే మన దేశంలో ఇది తక్కువే. అయితే తక్కువ కదా అని దీనిని అనుమానించకపోవడం చేతనే ఇక్కడ ఆలస్యం జరుగుతున్నది.

చికిత్స క్రమం ఎందుకు ముఖ్యం

ఈ వ్యాధికి ప్రధాన ఆయుధాలు మూడు: శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీ మందులు. ఏ ఆయుధం ముందు, ఏది వెనుక అన్న ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చును. జర్మనీలో 800 మందికి పైగా పురీషనాళ కాన్సర్ రోగులపై జరిగిన పరిశీలన ఫలితాలు 2004లో వెలువడినవి. ఒక వర్గానికి రేడియేషన్, మందులు శస్త్రచికిత్సకు ముందు ఇచ్చారు. రెండవ వర్గానికి అవే తరువాత ఇచ్చారు. ఐదేండ్లలో గడ్డ అదే చోట తిరిగి వచ్చినది ముందు ఇచ్చిన వారిలో నూటికి 6 మందికి, తరువాత ఇచ్చిన వారిలో నూటికి 13 మందికి. మొత్తం మీద జీవించి ఉన్నవారి సంఖ్యలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. అయినను, కటిభాగంలో గడ్డ మళ్లీ పెరిగితే కలిగే బాధ చూసినవారికి ఆ 6కు, 13కు మధ్య ఉన్న అంతరం విలువ తెలియును. అవే మందులు, అవే కిరణాలు, అదే కత్తి. మారినది వరుస మాత్రమే.

ఆ వరుసను ఏ ఒక్కరూ ఒంటరిగా నిర్ణయించలేరు. శస్త్రవైద్యుడు గడ్డను తీయగలరు. కాని గడ్డకు, తాను కోయవలసిన హద్దు పొరకు మధ్య ఎంత ఎడమున్నదో ఎం.ఆర్.ఐ. చిత్రాన్ని చదివి చెప్పవలసినది రేడియాలజిస్టు. ఆ ఎడం ఒక మిల్లీమీటరుకు లోబడి ఉంటే ప్రమాదమే. అట్టి రోగికి ముందుగా గడ్డను కుదించే చికిత్స కావలెను. దానిని రేడియేషన్ నిపుణుడు, మందుల నిపుణుడు నిర్ణయించాలి. గడ్డ ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి దాని జాతిని చెప్పవలసినది పాథాలజిస్టు.

మన పనిలో దీనికి పోలిక వెదకనక్కరలేదు. లోకో పైలట్ ఎంత నిపుణుడైనా లైన్ క్లియర్ లేనిదే బండి కదపడు. స్టేషన్ మాస్టరు, సిగ్నల్ సిబ్బంది, పట్టాలు చూసే గ్యాంగ్‌మన్, వీరిలో ఎవరి మాట తప్పినా ప్రయాణికుని ప్రాణం మీదికి వస్తుంది. రోగి శరీరం విషయంలోను నియమం అదే కావలెను.

ఈ పద్ధతి రూపొందిన విధం

లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో పాథాలజిస్టుగా పనిచేసిన కత్‌బర్ట్ డ్యూక్స్, శస్త్రవైద్యులు తీసి ఇచ్చిన ప్రేగు భాగాలను ఏండ్ల తరబడి పరిశీలించారు. గడ్డ ప్రేగు గోడలోనే ఉన్నదా, గోడ దాటినదా, లింఫు గ్రంథులకు చేరినదా అన్న ఆధారంపై 1932లో ఎ, బి, సి అనే మూడు దశలను ప్రకటించారు. ప్రయోగశాలలోని మనిషి చెప్పిన మాట, శస్త్రచికిత్స గదిలోని మనిషికి దారి చూపినది.

ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో శస్త్రవైద్యుడు బిల్ హీల్డ్, పురీషనాళాన్ని చుట్టి ఉన్న కొవ్వు పొరను, అందులోని లింఫు గ్రంథులతో సహా, చిరగకుండా ఒకే తొడుగుగా తీయాలని 1982లో వివరించారు. అట్లు తీసినచోట గడ్డ తిరిగి రావడం ఎంతగానో తగ్గినది. తీసిన తొడుగు చెక్కుచెదరలేదా, అంచులో కాన్సర్ మిగిలినదా అని తనిఖీ చేసి చెప్పవలసినవారు మళ్లీ పాథాలజిస్టులే. ఒకరి పనిని మరొకరు పరీక్షించడంలో అవమానమేమియు లేదని ఆ రంగం క్రమంగా నేర్చుకున్నది.

1995లో బ్రిటన్‌లో కెన్నెత్ కాల్మన్, డియర్‌డ్రి హైన్‌ల నివేదిక వెలువడినది. రోగి ఎక్కడ నివసించినా, కాన్సర్ చికిత్స నిపుణుల బృందం చేతుల్లోనే జరగాలని అది సిఫారసు చేసినది. తదనంతరం వారం వారం నిపుణులు సమావేశమై ప్రతి రోగిని గురించి చర్చించడం అక్కడ సాధారణ విధిగా మారినది. మన ఆసుపత్రులలో దీనిని ట్యూమర్ బోర్డు అంటారు.

బల్ల చుట్టూ జరిగేది

ఆ సమావేశం రెండు పర్యాయాలు అవసరం. మొదటిది చికిత్సకు ముందు. కొలనోస్కోపీ నివేదిక, బయాప్సీ, ఛాతీకి, పొట్టకు తీసిన సి.టి. స్కాన్, పురీషనాళ గడ్డ అయితే ఎం.ఆర్.ఐ., అన్నీ ఒకేసారి చూస్తారు. వ్యాధి కాలేయానికి ప్రాకినదని తేలినా ఆశ వదలుకోనక్కరలేదు. కాలేయ శస్త్రవైద్యుడు ఆ బల్ల వద్ద ఉంటే, కొందరిలో ఆ భాగాన్ని కూడా తీసి నయం చేసే మార్గం కనిపిస్తుంది. ఆయన లేని చోట అదే రోగికి ఇక చేయగలిగినది లేదని చెప్పి పంపే ప్రమాదమున్నది.

రెండవది శస్త్రచికిత్స తరువాత. కనీసం 12 లింఫు గ్రంథులను పరీక్షించి పాథాలజిస్టు నివేదిక ఇవ్వాలి. తక్కువ చూసినచో, వ్యాధి లేదన్న మాటకు బలం చాలదు. గ్రంథులలో కాన్సర్ ఉంటే సాధారణంగా మందులు ఇస్తారు. ఇక్కడ మన వృత్తికి సంబంధించిన విషయమొకటి ఉన్నది. ఆక్సాలిప్లాటిన్ అనే మందు వలన చేతుల వ్రేళ్లు, పాదాలు తిమ్మిరెక్కుతాయి. కొందరిలో అది ఏండ్ల తరబడి పోదు. ఉత్తరాలు వేరు చేసే చేతికి, పట్టాలపై నడిచే కాలికి ఇది జీవనోపాధి ప్రశ్న. ఆరు పరిశీలనలను కలిపి, 12 వేలకు పైగా పెద్దప్రేగు కాన్సర్ రోగుల వివరాలతో 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గ్రంథులకు చేరినను ప్రమాదం తక్కువగా ఉన్న దశలో, తగిన మందుల జోడీతో ఆరు నెలలకు బదులు మూడు నెలల చికిత్స దాదాపు అంతే ఫలితమిస్తుంది. తిమ్మిరి చాలా తగ్గుతుంది. కావున రోగి ఏ పని చేసి బ్రతుకుతున్నాడో బల్ల వద్ద ఉన్నవారికి తెలియవలెను.

ఆ మాట చెప్పగలిగినవారు తరచుగా నర్సులే. పొట్టపై మార్గం చేసి సంచి అమర్చవలసి వస్తే, ఆ చోటును ముందే గుర్తించి, సంచి మార్చుకోవడం నేర్పి, మళ్లీ డ్యూటీకి వెళ్లగల ధైర్యమిచ్చేవారు స్టోమా నర్సులు. ఆహార నిపుణులు, మత్తు వైద్యులు, నొప్పిని ఉపశమింపజేసే వైద్యులు కూడా ఈ బృందంలోని వారే. బృందం చేసేది సిఫారసు మాత్రమే. అంతిమ నిర్ణయం రోగిది.

ఒక పరీక్ష మొత్తం దారిని మార్చగలదనడానికి ఇటీవలి దృష్టాంతం ఉన్నది. పురీషనాళ కాన్సర్లలో నూటికి 5 నుండి 10 వరకు కణంలోని మరమ్మత్తు యంత్రాంగం చెడిన జాతికి చెందినవి. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రంలో అట్టి రోగులకు డోస్టార్లిమాబ్ అనే మందు ఇవ్వగా, చికిత్స పూర్తి చేసిన మొదటి 12 మందిలోనూ గడ్డ కనబడకుండా పోయినదని 2022లో ప్రకటించారు. వారికి కత్తి గాని, కిరణాలు గాని అవసరం కాలేదు. ఇది కొద్దిమందికే వర్తించును, ఖర్చు అధికం. అయినను ఆ పరీక్ష చేయనిదే ఆ కొద్దిమంది ఎవరో తెలియదు. ఆ లోపం వంశంలో కూడా ఉండవచ్చును గనుక, అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు, బిడ్డలకు పరీక్షలు అవసరమా అన్నది కూడా దాని వలననే తేలుతుంది.

మనకు అందుబాటులో ఉన్నది

ముంబైలో 1941లో స్థాపించిన టాటా స్మారక ఆసుపత్రి ఒక్కొక్క రకపు కాన్సర్‌కు ఒక్కొక్క నిపుణ బృందం చొప్పున పనిచేస్తున్నది. 2012లో ఏర్పడిన జాతీయ కాన్సర్ గ్రిడ్ దేశంలోని 300కు పైగా ఆసుపత్రులను, సంస్థలను కలిపినది. దూరాన ఉన్న వైద్యులు తెరపై కలుసుకొని క్లిష్టమైన కేసులను చర్చించే ఏర్పాటు అందులో ఉన్నది. వారణాసిలో రైల్వే వారు నడిపిన కాన్సర్ ఆసుపత్రిని 2018లో టాటా స్మారక కేంద్రం స్వీకరించి హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రిగా నడుపుతున్నది. విశాఖపట్నంలో అదే పేరుతో ఒక ఆసుపత్రి, హైదరాబాదులో 1955 నుండి ఎం.ఎన్.జె. సంస్థ ఉన్నవి. చికిత్సకై ప్రయాణించే కాన్సర్ రోగికి, తోడు వెళ్లేవారికి రైలు టిక్కెట్టులో రాయితీ ఉన్నది. బుకింగ్ కిటికీ వద్ద కూర్చున్న మన సోదరులు, ఆ పత్రంతో వచ్చిన మనిషిని ఓపికతో ఆదరించాలని ఈ సందర్భంలో మనవి చేస్తున్నాము.

మనం చేయవలసినది

మలంలో రక్తం, వారాల తరబడి మారిన విరేచన క్రమం, కారణం లేని రక్తహీనత, బరువు తగ్గడం, వీటిని డ్యూటీ వేళల మీదికి నెట్టివేయవద్దు. రోగం బయటపడినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. నా కేసు నిపుణుల బృందం ముందుకు వెళ్లినదా? పురీషనాళ గడ్డ అయితే ఎం.ఆర్.ఐ. తీశారా? శస్త్రచికిత్సకు ముందు ఇతర చికిత్స అవసరమా? బృందం నిర్ణయాన్ని వ్రాతపూర్వకంగా ఇస్తారా? ప్రేగు పూర్తిగా మూసుకుపోయినా, చిల్లు పడినా సమావేశం కొరకు ఆగరాదు. వెంటనే శస్త్రచికిత్స చేయవలసినదే. తక్కిన సందర్భాలలో కొద్ది రోజుల ఆలోచన ఆలస్యం కాదు.

సమాఖ్య పక్షాన మూడు కోర్కెలను యాజమాన్యాల ముందు ఉంచాలని ప్రతిపాదిస్తున్నాము. మన ఆసుపత్రుల నుండి కాన్సర్ రోగిని పంపునప్పుడు, నిపుణుల బృందం ఉన్న కేంద్రానికే పంపాలి. బృందం సూచించిన పరీక్షలకు మంజూరు కాగితం వారాల తరబడి బల్లపై నిలువరాదు. గ్రామీణ డాక్ సేవకులతో సహా ప్రతి ఉద్యోగికి ఈ స్థాయి వైద్యం హక్కుగా లభించాలి.

ఆ ఫైలు ఇంకను మా కార్యాలయంలోనే ఉన్నది. బిల్లులు తుదకు మంజూరైనవి. ఆ ఐదు కాగితాలను ఒక్కచోట చేర్చి మొదటిసారి చదివినది గుమాస్తా అనుభవం తప్ప వైద్యం తెలియని మేము. అదియు రోగి మరణించిన తరువాత. ఇకపై అట్టి కాగితాలు రోగి బ్రతికి ఉండగా, వైద్యుల బల్లపైనే కలుసుకోవాలి. అంతవరకు ఈ విషయాన్ని ప్రతి శాఖలో, ప్రతి విశ్రాంతి గదిలో చెప్పవలసిందిగా ప్రతినిధులను కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.