ఆఫ్‌సెట్ అచ్చు – రబ్బరు తుడిచే చేతులు

(జిగణి కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



మన పిల్లలు కొందరు మిల్లు వద్దని ప్రెస్సు పనికి పోతున్నారు. అందుకే ఆ పని సంగతి చెబుతాను.

ఆఫ్‌సెట్ ప్లేటంటే పలుచని అల్యూమినియం రేకు. పాత అచ్చులో లాగా అక్షరం పైకి లేచి ఉండదు. నూనెకూ నీటికీ పొసగదు, కిటుకంతా అదే. ముందు నీటి రోలరు రేకును తడుపుతుంది. ఖాళీ చోటే నీరు నిలుస్తుంది. తర్వాత వచ్చే జిడ్డు సిరా అక్షరానికే అంటుతుంది. రేకు కాగితాన్ని తాకదు. సిరా రబ్బరు బ్లాంకెట్ మీద పడి, అక్కడినుంచి కాగితానికి ఎక్కుతుంది. 1904లో అమెరికాలో ఐరా రూబెల్ మిషన్లో ఒక కాగితం పడక సిరా రబ్బరుకు అంటిందట. ఆ రబ్బరు ముద్రే తేటగా వచ్చిందట!

ఆ రబ్బరును మాటిమాటికీ తుడవాలి. దేంతో? అసలు సంగతి ఇక్కడుంది. జపాన్‌లో, ఒసాకాలోని ఒక ప్రెస్సులో గాలాడని గదిలో డైక్లోరోప్రొపేన్ మందుతో తుడిచిన కుర్రవాళ్లకు పిత్తనాళ క్యాన్సర్ వచ్చింది. 2012లో బయటపడింది. 2013లో అక్కడి ప్రభుత్వం 16 మందికి అది పని వల్ల వచ్చిన జబ్బేనని ఒప్పుకుంది. ఆ మందు క్యాన్సర్ తెస్తుందని 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది.

మన మరకలు తీసే సెక్షన్లోనూ డబ్బా మీద మందు పేరుందేమో చూడండి. ఉంటే రాసుకుని యూనియన్ ఆఫీసుకు తెండి. లేకుంటే సూపర్‌వైజరును అడగండి, ఒక్కరే కాదు, షిఫ్టంతా కలిసి.