అమూర్తీకరణ: దేన్ని తీసుకుంటాం, దేన్ని విడిచిపెడతాం?

ఈ రోజు మన పాఠం ‘అమూర్తీకరణ’. దీన్నే ఇంగ్లీషులో ‘ఆబ్‌స్ట్రాక్షన్’ అంటారు. లాటిన్ మూలాన్ని బట్టి ఆ మాటకు ‘లాగి వేరుచేయడం’ అని అర్థం. ఒక వస్తువుకు ఎన్నో లక్షణాలు ఉంటాయి. వాటిలో మన ప్రశ్నకు కావలసినవాటిని మాత్రమే తీసుకుని, తక్కినవాటిని పక్కన పెట్టడమే అమూర్తీకరణ.

ఉదాహరణకు ఖరగ్‌పూర్ వెళదాం. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణానికి బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచే మన తెలుగువారు పనుల కోసం వెళ్లి స్థిరపడ్డారు. ఇప్పుడిది ఆగ్నేయ రైల్వేలో ఒక డివిజన్ కేంద్రం. రైళ్ల రాకపోకలను చూసుకునే కంట్రోలరుకు కాగితం మీదనో, కంప్యూటరు తెరమీదనో ఒక గ్రాఫు ఉంటుంది. అందులో అడ్డంగా కాలం, నిలువుగా స్టేషన్లు. ఒక్కొక్క రైలు ఒక్కొక్క గీత. గీత ఎంత నిటారుగా ఉంటే రైలు అంత వేగంగా పోతున్నట్లు. అడ్డంగా సాగితే ఆగి ఉన్నట్లు. సింగిల్ లైనులో ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ల గీతలు స్టేషను దగ్గరే కలవాలి. రెండు స్టేషన్ల మధ్య కలిశాయంటే ప్రమాదమే! రైలు రంగు, పెట్టెల్లోని జనం, కిటికీలోంచి కనిపించే పొలాలు... ఇవేవీ ఆ గీతలో లేవు. లేవు కనుకనే చిక్కు ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది.

ఈ మాటకు వాడుకలు అనేకం. మూడు పళ్లు, మూడు రైళ్లు చూసి ‘మూడు’ అనే సంఖ్యను గ్రహించడం గణితంలో అమూర్తీకరణ. వ్యాకరణంలో ‘మంచితనం’ వంటి మాటలు అమూర్త భావాలను చెబుతాయి. లోపలి పనితీరు తెలియకపోయినా వాడుకోగలిగేలా ఏర్పాటు చేయడం కంప్యూటరు శాస్త్రంలో అమూర్తీకరణ.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. 1951లో మొదలైన భవనం అంతకుముందు హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసు కాల్పుల్లో ఇద్దరు రాజకీయ నిర్బంధితులు మరణించారు. ‘ఎంతమంది?’ అన్న ప్రశ్నకు ‘ఇద్దరు’ సరైన జవాబే. ‘ఎవరు?’ అని అడిగితే ఆ లెక్క చాలదు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అని పేర్లు చెప్పాలి.

పక్కన పెట్టినంత మాత్రాన ఒక విషయం లేకుండా పోదు. ప్రశ్న మారితే దాన్ని మళ్లీ లెక్కలోకి తెచ్చుకోవాలి. మీ ఊరి బస్సుల వేళల పట్టిక చూడండి. అందులో ఏముంది, ఏది విడిచిపెట్టారు, ఎందుకు? ఆలోచించి రాయండి.