జపాను భాషలో రుచుల మాటలు: మాతృభాష చేసే మేలు

 

తెలుగులో చదివిన పిల్లలు రేపు పరాయి భాషలు నేర్వగలరా అన్న సందేహం, తెలుగునాటికి వెలుపల ఉన్న ప్రతి తెలుగు బడి వాకిట వినిపించేదే. దానికి సమాధానం అన్నం పళ్లెం దగ్గర దొరుకుతుంది. చెన్నై, బెంగళూరు నగరాలలో జపాను భాషా సామర్థ్య పరీక్షకు కేంద్రాలున్నవి. ఉద్యోగార్థం ఆ భాష నేర్చుకొనే తెలుగు యువతీయువకులకు తొలి పాఠాలలోనే రుచుల పేర్లు ఎదురవుతాయి.

ఆ భాషలో తీపి 'అమయి', పులుపు 'సుప్పయి', చేదు 'నిగయి', కారం 'కరయి'. 'కరయి', 'కారం' వినడానికి దగ్గరగా ఉన్నవి. జ్ఞాపకం పెట్టుకొనడానికి ఈ పోలిక పనికివస్తుంది గాని, ధ్వని సామ్యం చుట్టరికానికి సాక్ష్యం కాదు. పైగా జపానులో కొన్ని ప్రాంతాలవారు ఉప్పు ఎక్కువైన వంటను కూడ 'కరయి' అంటారు. ఇక వ్యాకరణం చూడబోతే, ఈ మాటలు క్రియల వలె రూపం మార్చుకొంటవి. 'అమయి' అంటే తియ్యగా ఉన్నది. 'అమకునయి' అంటే తియ్యగా లేదు. 'అమకత్త' అంటే తియ్యగా ఉండినది. కాలమూ, నిషేధమూ రుచి మాటలోనే ఇమిడిపోతవి.

తరువాత వచ్చేది 'షిబుయి'. ఇంగ్లీషు చదువు మాత్రమే ఉన్న పిల్లవానికి దీనిని బోధించాలంటే అరుదుగా వినే శాస్త్రపదం ఒకటి వెదకవలసివస్తుంది. ఉగాది పచ్చడి తిన్న తెలుగు పిల్లకు 'వగరు' అంటే చాలును. పచ్చి అరటికాయ, వక్క, నేరేడుపండు నాలుకను పట్టివేసే ఆ గుణమే 'షిబుయి'. జపానువారి 'కకి' పండ్లలో ఒక జాతి ఇట్టి వగరు గలది. దాని తొక్క తీసి, దారానికి కట్టి, వారాల తరబడి ఎండబెట్టుతారు. వగరుకు కారణమైన టానిన్ అప్పుడు లాలాజలంలో కరగని స్థితికి మారుతుంది, పండు తియ్యబడుతుంది. ఆడంబరం లేని నిండైన అందాన్ని కూడ జపానువారు 'షిబుయి' అనే మెచ్చుకొంటారు. వగరును ఎరిగిన పిల్లకు ఈ మాటలో సగం ఇంటివద్దనే వచ్చినది. మిగిలిన సగమే నేర్వవలసినది.

అన్ని మాటలకూ ఇట్లు జోడీ దొరకదు. 1908లో టోక్యో ఆచార్యుడు కికునాయె ఇకెదా, 'కొంబు' అనే సముద్రపు నాచును కాచిన రసంలో గ్లుటామిక్ ఆమ్లాన్ని గుర్తించి, దాని రుచికి 'ఉమామి' అని పేరు పెట్టినాడు. 'ఉమయి', అనగా రుచికరం, అన్న మాట నుండి పుట్టిన పేరది. షడ్రుచులలో దానికి సరియైన పేరు లేదు. కాని బాగా పండిన టమాటాలో ఆ రుచి ఉన్నది. పేరు లేని చోట అనువాదానికి తొందరపడక, తిని తెలుసుకొనవలెను.

ఇంకొక పాఠం బెండకాయ చెబుతుంది. తెలుగింటి ఇల్లాలు జిగురు పోయేటట్లు బెండకాయ వేపుతుంది. జపానులో అదే జిగటను 'నెబనెబ' అని ఇష్టంగా చెప్పుకొంటారు. పదార్థం ఒకటే, గుణం ఒకటే. ఒకచోట దోషం, మరొకచోట గుణం. మాటకు అర్థంతో పాటు మెప్పో తప్పో కూడ అంటియుంటుందని విద్యార్థి ఇక్కడ గ్రహిస్తాడు. ఇటువంటి జంట ధ్వనుల మాటలు జపానులో కోకొల్లలు. 'సకుసకు', 'మొచిమొచి' వంటివి నోట్లో పదార్థం నలిగే తీరును చెబుతవి. 'కరకర', 'పటపట' అనడం ఎరిగిన తెలుగు చెవికి అవి కొత్త పద్ధతి కావు.

మర్యాద సంగతి కూడ ఉన్నది. పెట్టినది నచ్చకపోతే 'మజుయి', అనగా బాగాలేదు, అని అతిథి అనడం మోటు. 'నోటికి సరిపడలేదు' అన్న భావంతో 'కుచి ని అవనయి' అంటారు. 'నోటికి హితవుగా లేదు' అన్న నానుడిని అమ్మమ్మ నోట విన్న పిల్లకు ఈ సున్నితం వెంటనే పట్టుబడుతుంది. వినని పిల్ల దానిని మొదటినుండి నేర్వవలెను.

ఆందోళన కలిగించే విషయం అదియే. వగరు, హితవు, కమ్మదనం, చప్పదనం వంటి మాటలు నేడు అనేక ఇండ్లలో వినబడుట తగ్గినది. పిల్లలు అన్నింటికీ 'బాగుంది' అనో, 'సూపర్' అనో సరిపెట్టుచున్నారు. ఇంట కొలమానం పోగొట్టుకొన్నవాడు పరదేశంలో దేనితో కొలుచును?

తల్లిదండ్రులు చేయవలసిన పని చిన్నది. రాత్రి భోజనం వేళ 'కూర ఎట్లున్నది?' అని అడగండి. 'బాగుంది' అన్న జవాబుతో విడువకండి. పులుపు ముందు తగిలినదా? వగరు చివర మిగిలినదా? తోటకూర కమ్మగా ఉన్నదా, చప్పగా ఉన్నదా? చుట్టూ ఏ భాష వినబడుచున్నా, ఈ సంభాషణ తెలుగులో సాగనివ్వండి. పొరుగింటి కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ రుచుల పేర్లు దాని ప్రక్కన చేరనివ్వండి. ఈ రీతిన పెరిగిన పిల్లకు జపాను గాని, వేరొక భాష గాని భయం కలిగించదు. ప్లాటినం ఉత్సవం జరుపుకొంటున్న ఈ బడి పిల్లలకు పెద్దలు ఇవ్వదగిన కానుకలలో ఇది ఖర్చులేనిది, ఆలస్యం చేయరానిది.

శుభం.