బడికి వెళ్ళే బిడ్డ అల్లాహ్ అప్పగించిన అమానత్

సమస్త స్తుతులు, కృతజ్ఞతలు అల్లాహ్‌కే చెందుతాయి. ఆయనే మనకు ప్రాణం పోశాడు, ఉపాధినిచ్చాడు, సంతానమనే వరంతో మన ఇళ్ళను కళకళలాడించాడు. ఆయన ప్రియప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

గౌరవనీయులైన ధార్మిక సోదరులారా!

ముందుగా మమ్మల్ని మేము, ఆ తర్వాత మిమ్మల్ని దైవభీతి గురించి హెచ్చరించుకుంటున్నాము. దైవభీతి నమాజు వరుసల్లో మాత్రమే కనిపించేది కాదు. మన అధీనంలో ఉన్నవారితో మనం వ్యవహరించే తీరులోనూ అది కనిపించాలి. ప్రతి మనిషీ ఒక కాపరి అని, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి అతణ్ణి నిలదీయడం జరుగుతుందని దైవప్రవక్త (స) బోధించారు. ఆ సంరక్షణలో అందరికన్నా బలహీనులు మన పసిపిల్లలు.

జూన్ మాసం వచ్చింది. బడులు తెరుస్తున్నారు. పుస్తకాలు, సంచులు, బూట్లు కొనడంలో తల్లిదండ్రులు తలమునకలుగా ఉన్నారు. కొద్ది నెలల్లో మార్కుల చీటీలు వస్తాయి. అప్పుడు ప్రతి తండ్రీ అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్ని మార్కులు వచ్చాయి? ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు. కాని దానికన్నా ముందు మనం అడగవలసిన ప్రశ్నలు నాలుగు ఉన్నాయి. బిడ్డ తిన్నాడా? నిద్రపోయాడా? వాడి కళ్ళు, చెవులు, ఒళ్ళు బాగున్నాయా? వాడు దేనికైనా భయపడుతున్నాడా? ఈ నాలుగింటికీ జవాబు తెలియని తండ్రికి మార్కులు అడిగే హక్కు ఎంతవరకు ఉన్నదో ఆలోచించండి.

మొదటి ప్రశ్న ఆహారం గురించి. తెల్లవారుజామున మక్తబ్‌కు, అటు నుండి అటే బడికి వెళ్ళే పిల్లలు మన బస్తీల్లో ఎందరో ఉన్నారు. చాలామంది కడుపులో ఉండేది ఒక కప్పు చాయ్, అందులో ముంచిన రెండు రస్కులు. అది ఫలహారం కాదు, ఆకలిని కాసేపు మోసగించే ఉపాయం. పైగా భోజనంతో పాటు తాగే చాయ్ ఆహారంలోని ఇనుమును శరీరానికి పట్టనివ్వదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు పిల్లలలో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఆనాటి పసివాళ్ళే నేడు ప్రాథమిక పాఠశాలల బల్లల మీద కూర్చుంటున్నారు. రక్తం చాలని పిల్లవాడు త్వరగా అలసిపోతాడు, పాఠం మీద మనసు నిలపలేడు. మనం వాణ్ణి సోమరి అంటాము. వాడు సోమరి కాడు, నీరసించిన బిడ్డ.

కనుక ఇంట్లో ఉన్నదే, రాత్రి మిగిలిన రొట్టె అయినా సరే, పప్పుతోనో గుడ్డుతోనో తినిపించి పంపండి. ఆకుకూర వండిన రోజు నిమ్మరసం పిండండి, జామకాయ కోసి పెట్టండి. పులుపు ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. చాయ్ మాన్పించండి.

బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం తినడం నామోషీ అని కొందరు భావిస్తున్నారు. ఇది ఎవరో వేసే భిక్ష కాదు. వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఇది మొదలైంది. ప్రాథమిక తరగతుల బిడ్డకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నియమం. ఇది మన పిల్లల హక్కు. అన్నం ఉడికిందా, గుడ్డు అందిందా, తాగునీరు శుభ్రంగా ఉన్నదా అని వెళ్ళి చూడడం మన బాధ్యత.

రెండవ ప్రశ్న నిద్ర గురించి. ఇషా నమాజు తర్వాత కబుర్లతో కాలక్షేపం చేయడం దైవప్రవక్త (స) కు ఇష్టం ఉండేది కాదు. నేడు మన ఇళ్ళలో ఇషా తర్వాతే సెల్‌ఫోన్లు వెలుగుతున్నాయి. పదకొండు, పన్నెండు గంటల వరకు తండ్రి ఒక మూల, తల్లి ఒక మూల, మధ్యలో పిల్లవాడు, అందరి ముఖాల మీదా అదే వెలుగు. ఫజ్ర్‌కు వాణ్ణి లేపి మక్తబ్‌కు పంపితే వాడు కునికిపాట్లు పడక ఏం చేస్తాడు? ఈ వయసు పిల్లలకు కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి. బిడ్డ ఫజ్ర్‌కు లేవాలంటే ఇంటి దీపాలు ఇషా తర్వాత త్వరగా ఆరాలి. ముందు పెద్దవాళ్ళ ఫోను పక్కన పడాలి. అప్పుడే పిల్లవాడి ఫోను పక్కన పడుతుంది.

మూడవ ప్రశ్న ఆరోగ్యం గురించి. మా దగ్గరకు తల్లిదండ్రులు పిల్లలను తీసుకువస్తూ ఉంటారు. “హజ్రత్, వీడికి చదువు ఎక్కడం లేదు, దువా చదివి ఊదండి” అంటారు. మేము సంతోషంగా దువా చేస్తాము. అయితే చికిత్స చేయించుకోమన్నది కూడా ప్రవక్త (స) ఆదేశమే. అందుకే వారిని అడుగుతాము: నల్లబల్ల మీది అక్షరాలు వీడికి కనిపిస్తున్నాయా? టీవీకి బాగా దగ్గరగా జరిగి కూర్చుంటున్నాడా? కళ్ళు చికిలించి చూస్తున్నాడా? వెనుక నుండి పిలిస్తే పలుకుతున్నాడా? చెవి కారుతున్నదా? చదువు ఎక్కకపోవడానికి కారణం ఒక జత కళ్ళద్దాలు లేకపోవడమే కావచ్చు.

ఆడపిల్లకు కళ్ళద్దాలు పెడితే రేపు సంబంధాలు రావని వెనుకాడే ఇళ్ళు ఉన్నాయి. సోదరులారా! ఎప్పుడో వచ్చే సంబంధం కోసం ఈ రోజు బిడ్డ చూపును బలి పెట్టడం ఏ ధర్మం? అల్లాహ్ ఇచ్చిన కంటిని కాపాడడంలో సిగ్గు లేదు.

2013 నుండి అమలులో ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. ఆ రోజు బిడ్డను బడి మాన్పించకండి. వారు చీటీ రాసి పెద్దాసుపత్రికి వెళ్ళమంటే, ఆ చీటీని అలమరలో పెట్టి మరచిపోకండి. అలాగే కడుపులోని నులిపురుగుల నివారణకు ఆల్బెండజోల్ మాత్రలు, రక్తవృద్ధికి వారానికొకసారి గులాబీ రంగు ఇనుము మాత్రలు బడిలో ఇస్తారు. వాటి మీద వదంతులు లేస్తూ ఉంటాయి. విన్న ప్రతి మాటనూ విచారించకుండా వ్యాప్తి చేయడాన్ని మన ధర్మం నిషేధించింది. సందేహం ఉంటే ఆశా కార్యకర్తను అడగండి, వైద్యుణ్ణి అడగండి. ఇనుము మాత్ర ఖాళీ కడుపుతో కాకుండా భోజనం తర్వాత వేసుకోవాలి. మలం నల్లగా వస్తే భయపడనక్కర లేదు. కడుపులో తిప్పినట్లుంటే ఉపాధ్యాయులకు చెప్పమని బిడ్డకు నేర్పండి.

నాల్గవ ప్రశ్న భయం గురించి. ఇది అన్నిటికన్నా లోతైనది, ఎందుకంటే పిల్లవాడు దీన్ని నోటితో చెప్పడు. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, బడి వేళకు ఏడుస్తాడు, రాత్రి పక్క తడుపుతాడు. తోటి పిల్లలు వెక్కిరిస్తున్నారేమో, ఎవరైనా కొడుతున్నారేమో, తాకరాని చోట తాకుతున్నారేమో, నెమ్మదిగా అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగో ఇంగ్లీషో ఉన్న బిడ్డ మొదటి నెలల్లో నోరు విప్పకపోవచ్చు. అది మొద్దుతనం కాదు. ఇంట్లో వాడితో కథలు చెప్పించండి, బడి భాషలో నాలుగు మాటలు మీరూ నేర్చుకోండి. మరుగుదొడ్డి శుభ్రంగా లేక రోజంతా నీళ్ళు తాగకుండా ఉండే ఆడపిల్లలు ఉన్నారు. అది కూడా భయమే.

దైవప్రవక్త (స) వారి ఆదర్శం చూడండి. హజ్రత్ అనస్ (ర) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పక్షిని పెంచుకునేవాడు. అది చనిపోయి బాలుడు దిగులుగా ఉంటే, ఇన్ని బాధ్యతల నడుమ కూడా ప్రవక్త (స) ఆగి, వాడి పక్షిని గురించి ముద్దుగా పలకరించారు. స్వయంగా అనస్ (ర) పది సంవత్సరాలు వారి సేవలో ఉండి, ఒక్కసారైనా విసుగు మాట వినలేదని చెప్పారు. దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ లుఖ్మాన్ తన కుమారుణ్ణి ప్రేమగా పిలుస్తూనే హితబోధ చేశారు. అంతటి గంభీరమైన తౌహీద్ పాఠమే ముద్దు పిలుపుతో మొదలైతే, ఎక్కాల పాఠం బెత్తంతో ఎందుకు మొదలుకావాలి?

పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. ధార్మిక విద్య ముఖ్యంగా బోధించే మదర్సాలకు, వేదపాఠశాలలకు ఆ చట్టం వర్తించదని 2012లో సవరణ వచ్చింది. చట్టం వర్తించకపోవచ్చు, అల్లాహ్ విచారణ మాత్రం వర్తిస్తుంది. కఠిన శిక్ష విద్యార్థిలో అబద్ధాన్ని, కపటాన్ని, బద్ధకాన్ని పెంచుతుందని ఇబ్న్ ఖల్దూన్ ఆరు శతాబ్దాలకు పూర్వమే తన ముఖద్దిమాలో వివరించారు. ఎడతెగని చదువుతో అణచివేసి ఆటను దూరం చేస్తే పిల్లవాడి హృదయం చచ్చిపోతుందని ఇమామ్ గజాలీ హెచ్చరించారు. మక్తబ్ ఉస్తాదులకు మా విన్నపం ఇదే: ఖుర్ఆన్ అక్షరాలు బిడ్డకు ప్రేమతో పరిచయం కావాలి, వణుకుతో కాదు.

సోదరులారా! బద్ర్ యుద్ధ ఖైదీలలో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులు మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల చేసేందుకు ప్రవక్త (స) అంగీకరించారు. ఆ గురువులు నిన్నటి శత్రువులు. అయినా పిల్లల చదువు వారి చేతికి అప్పగించారు. మరి మన బిడ్డలకు నిత్యం అక్షరాలు దిద్దించే ఉపాధ్యాయులను, వారు ఏ మతస్థులైనా, మనం ఎంతగా గౌరవించాలి! ఫిర్యాదు ఉన్నప్పుడే కాక, కృతజ్ఞత చెప్పడానికి కూడా బడికి వెళ్ళండి.

ఇక ఆచరణలోకి వద్దాము. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం చెబుతున్నది. ఆ సమావేశాల్లో మన కుర్చీలు ఖాళీగా ఉండకూడదు. తల్లులను పంపండి, మాట్లాడనివ్వండి. మస్జిద్ కమిటీ పెద్దలు మక్తబ్ వేళలను బడి వేళలతో సరిచూసి, పిల్లలకు తినడానికి అరగంటైనా మిగిలేలా చూడాలి. స్తోమత ఉన్నవారు ఒక బిడ్డ కళ్ళద్దాల ఖర్చు భరిస్తే, ఆ బిడ్డ చదివే ప్రతి అక్షరంలోనూ వారికి పుణ్యభాగం ఉంటుందని ఆశిద్దాము.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. పుస్తకం తెరవకండి. తిన్నావా, నిద్ర పట్టిందా, బల్ల మీది అక్షరాలు కనిపిస్తున్నాయా, బడిలో ఎవరంటేనైనా భయమా అని అడగండి. అడిగాక తొందరపడకుండా వినండి.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని మా కంటి చలువగా చేయి. వారి దేహాలకు ఆరోగ్యాన్ని, బుద్ధికి వికాసాన్ని, హృదయాలకు నిర్భయాన్ని ప్రసాదించు. తండ్రిలేని బిడ్డలకు మమ్మల్ని అండగా నిలుపు. వారికి విద్య నేర్పే వారిని, అన్నం వండి వడ్డించే వారిని, వైద్యం చేసే వారిని దీవించు. నీవు అప్పగించిన అమానత్‌ను నీ సన్నిధిలో తలవంపులు లేకుండా తిరిగి అప్పగించే భాగ్యాన్ని మాకు కలిగించు. ఆమీన్.