బడిలో క్రిస్మస్ – బహుమతి రాని పిల్లలు



1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ దొరగారి వంటి మిషనరీలు మన ప్రాంతంలో ఎన్నో బడులు పెట్టారు. అలాంటి మిషన్ హైస్కూళ్లలో అన్ని మతాల పిల్లలూ కలిసి చదువుకుంటారు. క్రిస్మస్ సెలవులిచ్చే ముందు అక్కడి సందడి చూడాలి! రంగుకాగితాల నక్షత్రం కడతారు, పశువులపాక అమరుస్తారు, యేసు జననం నాటిక ఆడతారు. గొర్రెలకాపరి వేషాలకోసం మన ఇళ్లలో దుప్పట్లూ తువ్వాళ్లూ మాయమవుతాయి!

ఆ పైన బహుమతులు. మార్కులకే గాక, ఒక్కరోజైనా మానకుండా వచ్చినవారికీ, చక్కని దస్తూరీకీ కూడా ఇచ్చే బడులున్నాయి. మెచ్చుకోదగ్గ పద్ధతి. అయినా తరగతిలో బహుమతి అందేది ఏ అయిదారుగురికో. తక్కినవారు చప్పట్లు కొట్టి ఒట్టి చేతులతో ఇంటికొస్తారు.

గడపలో అడుగు పెట్టగానే "పక్కింటి పిల్లకొచ్చిందిగా, నీకేదే?" అన్నామనుకోండి, పండుగంతా చేదైపోతుంది. పైగా, ఆ పక్కింటి పిల్లంటే కంటగింపు మొదలవుతుంది. దానికి బదులు "నాటికలో నువ్వేం చేశావమ్మా?" అని అడిగి చూడండి. "తెర లాగాను" అంటుంది. తెర లాగేవారు లేనిదే నాటిక ఎలా సాగుతుంది చెప్పండి? ఆ ముక్క పిల్లకు మనమే చెప్పాలి.

మార్కుల సంగతంటారా, సెలవులయ్యాక పంతులమ్మగారిని కలిసి తీరిగ్గా కనుక్కోవచ్చు. పండుగపూట పిల్లల్ని నవ్వనివ్వండి.

సెలవు.