'గివ్ అప్'ను లాటిన్‌లో ఏమనాలి?

ఇంగ్లీషులో క్రియ వెనక విడిగా నిలిచే 'అప్', 'అవుట్' లాంటి మాటల పనిని లాటిన్‌లో తరచుగా క్రియ ముందు అతుక్కునే ఉపసర్గలు చేస్తాయి, మన ఆగమనం, నిర్గమనాల్లో లాగే. 'గో అవుట్' అంటే 'ఎక్సీరే'. 'లుక్ డౌన్ ఆన్' అంటే 'దేస్పికెరే', అక్షరాలా కిందికి చూడటమే. మరి మాటకు మాట పెట్టుకుంటూ పోతే సరిపోదా అంటారా? సరిపోదు. 'గివ్ అప్' చూడండి: ఆశ వదులుకుంటే 'దేస్పేరారే', పని మానేస్తే 'దేసిస్తెరే', కోటను శత్రువుకు అప్పగిస్తే 'దేదెరే'. ఇంగ్లీషు పైకి అంటుంటే లాటిన్ మూడుచోట్లా 'దే' అంటోంది. కిందికి, దూరంగా అని దానర్థం! ఇక 'పుట్ అప్ విత్'కు ఉపసర్గే అక్కర్లేదు, 'తొలెరారే' చాలు. అందుకే నిఘంటువులో ఇంగ్లీషు ముక్కల్ని విడివిడిగా వెతక్కండి. ముందు ఆ వాక్యంలో జరుగుతున్న పనేమిటో తేల్చుకోండి.